ఇంజెక్షన్ పెట్టెల్లో పతకాలు

కిందటేడు వానలు మొదలైన రోజుల్లో, ఇంక పతకాలు కొనకూడదని నేను గట్టిగా అనుకున్న రెండు నెలలకే, గోల్‌బజార్ నుంచి ఇత్తడి కొట్టు దాదా ఫోన్ చేశాడు. పాత ఇత్తడీ రాగీ తూకానికి కొనే కొట్టు ఆయనది. నేను మోకాళ్ళకి ఆముదం రాసుకుంటున్నాను. జిడ్డు చేత్తోనే ఫోనెత్తాను.

"దీదీ, మెడల్ ఒకటొచ్చింది."

"ఇంక వద్దన్నాను కదా దాదా."

"అన్నారు. కానీ దీని అంచు మీద పేరుంది. మీ తెలుగువాళ్ళ పేరులా ఉంది. చివర అమ్మా అని ఉంది."

ఆయన బెంగాలీలో మాట్లాడతాడు, నేను హిందీలో జవాబిస్తాను. ఇరవై ఏళ్ళుగా మా బేరాలు అలాగే నడుస్తున్నాయి. నా దగ్గరున్న నలభై పతకాల్లో మన పేరున్నది ఒక్కటీ లేదు.

మా నాన్న టెక్కలి దగ్గర ఊరి నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫౌండ్రీ పనికి చేరాడు. మా అప్పా నేనూ ఇక్కడే పుట్టాం; అక్కని మావైపు అప్ప అంటాం. నేను రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేరి, అరవై నిండేదాకా అక్కడే చేశాను. పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేం లేదు, డ్యూటీల మధ్య ఆ వయసు దాటిపోయింది. బావ పోయాక అప్ప నా దగ్గరికొచ్చేసింది. తాల్‌బగీచాలో మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో అప్ప, ఇంకో గదిలో నేనూ, నా పతకాలూ.

మొదటిది ఆ కొట్లోనే దొరికింది. అమ్మ పోయాక పాత బిందెలు అమ్మడానికి వెళ్ళాను. తక్కెడలో విరిగిన కుళాయిలూ తాళంకప్పలూ ఉన్నాయి, వాటి మధ్య చిన్న కంచు బిళ్ళ. మీద ఎర్రరంగు ప్లస్ గుర్తు, వెనక ఎవరో దొరసాని పేరు, యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళకి చేసిన సేవకి అని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. "దీన్ని కూడా కరిగించేస్తారా?" అనడిగాను. "కరిగించక దాచుకుంటానా దీదీ?" అన్నాడు దాదా. అంతకు ముందురోజే మా వార్డులో ఒక గ్యాంగ్‌మన్ పోయాడు. ఆరు వారాలు అతనికి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, అన్నం తినిపించాను. శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు వాళ్ళవాళ్ళు నా వైపు చూడలేదు. వాళ్ళ దుఃఖంలో వాళ్ళున్నారు, చూడకపోవడం తప్పని అనను. కానీ ఆ బిళ్ళని కుళాయిలతో కలిపి కరిగించడం మాత్రం నాకు నచ్చలేదు. కొనుక్కుని ఇంటికి తెచ్చేశాను.

తర్వాత దాదాయే పిలిచి ఇచ్చేవాడు. కలకత్తాలో పాత సామాను అమ్మే వీధుల్లో కూడా తిరిగాను, సెలవు రోజుల్లో, లోకల్ బండెక్కి. అన్నీ ఒక్క రకమే కొన్నాను. సైనికులకి కట్లు చుట్టినవాళ్ళకి, మేజోళ్ళు అల్లినవాళ్ళకి, స్టేషన్లలో టీ కాచి పోసినవాళ్ళకి, దుప్పట్లు పోగుచేసినవాళ్ళకి ఇచ్చినవి. చంపినందుకు ఇచ్చినది ఒక్కటీ లేదు. వాడి పారేసే సిరంజీలు వచ్చాక, గాజు సిరంజీలు ఉడకబెట్టే స్టీలు పెట్టెలు ఆసుపత్రిలో తుక్కు కింద వేలం వేశారు. నేను ఆరు కొన్నాను. వాటిలో దూది పరిచి పతకాలు పెట్టాను.

సరదా ఎన్నాళ్ళుంటుంది? పదేళ్ళుంది. తర్వాత అలవాటయింది, ఆ తర్వాత బరువయింది. వానాకాలం వస్తే పచ్చగా చిలుం పడుతుంది, ప్రతిదీ తీసి తుడవాలి. నిరుడు హిజ్లీలో ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్‌లో తెలుగు పిల్లలు ఉగాదికి కలుసుకుంటూ, "ఆంటీ, మీ కలెక్షన్ తీసుకురండి, అందరికీ చూపిద్దాం" అన్నారు. హిజ్లీదాకా పెట్టెలు మోసుకెళ్ళి బల్ల మీద సర్దాను. పిల్లలు మంచివాళ్ళే, వచ్చి చూశారు, ఫోటోలు తీసుకున్నారు. ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: "దీని రేటెంతుంటుందాంటీ?" నాలుగు గంటలు నిలబడి అదే జవాబు చెప్పి, పెట్టెలు సర్దుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి అప్పతో, "ఇంక చాలు, కొనను" అన్నాను. "నువ్వే అంటన్నావా, మోకాళ్ళంటన్నాయా?" అంది అప్ప.

అలా మానేసినదాన్ని, మళ్ళీ గొడుగేసుకుని గోల్‌బజార్ వెళ్ళాను.

దాదా కాగితంలో చుట్టి ఉంచాడు. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది, కంచుది. కలకత్తాలో ఏదో చందాల సంఘంవాళ్ళు పోత పోయించి పంచినట్టుంది. ఒకవైపు ప్లస్ గుర్తూ, చుట్టూ ఆకుల దండా బాగానే ఉన్నాయి. రెండో వైపు అక్షరాలు చెరిగిపోయి నున్నగా అయింది. పైన రింగు అరిగి తీగలా ఉంది. అంచు మీద ఇంటిపేరులో మొదటి అక్షరం, తర్వాత పేరు, చివర అమ్మ. పేరు కొట్టినవాడు దాంట్లో ఒక అక్షరం తప్పు కొట్టాడు.

"ఎవరు తెచ్చారు దాదా?"

"ఝపటాపూర్ నుంచి. పిండిమిల్లు వెనక తెలుగు ముసలావిడ ఉంది. పాత బిందెలూ దీపపు కుందులూ అమ్మింది, వాటితోపాటు ఇదీ ఇచ్చింది."

ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాను. ఏళ్ళ తరబడి ఎవరో వేలితో నిమిరితే తప్ప అంత నున్నగా కాదనిపించింది. ఆ అమ్మ ఎవరో గాని, రోజూ దీన్ని చేతిలో పెట్టుకుని ఆ రోజులు తలచుకుని ఉంటుంది. పక్క మీద పడుకుని, బొటనవేలితో ఇలా రుద్దుకుంటూ. అప్పకి చెప్తే, "నీకెవరు సెప్పినారు?" అంది. ఎవరూ చెప్పలేదు. పతకం చూడగానే దాని మనిషిని కల్పించుకోవడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. నలభై పతకాలకీ నలభై కథలున్నాయి నా దగ్గర.

అమ్మిన ముసలావిడ తెలియక తుక్కులో వేసేసిందనుకున్నాను. తిరిగిచ్చేద్దామని రెండు రోజులాగి టోటో అనే బ్యాటరీ ఆటో ఎక్కి ఝపటాపూర్ వెళ్ళాను.

పిండిమిల్లు వెనక సందులో రేకుల ఇల్లు. గడపలో ముసలావిడ కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ఎముకా చర్మమే గాని కళ్ళు చురుగ్గా ఉన్నాయి. రైల్వే ఆసుపత్రి నర్సునని చెప్పగానే, "రండి సిస్టరమ్మా, కూకోండి" అని పీట జరిపింది.

నేను పతకం తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని తిప్పి చూసింది, నన్ను చూసింది.

"ఇదేటి, మళ్ళీ వొచ్చీసినాది?"

"మీవాళ్ళదే కదా పిన్నీ? తెలీక అమ్మేసుంటారని తెచ్చాను."

"తెలీకపోడవేటి? తెలిసే అమ్మీసినాను. మా అత్తది."

"ఇచ్చేస్తాను, ఉంచుకోండి. డబ్బులేం వద్దు."

"నాకెందుకమ్మా? మేక లేదు కదా."

నాకు అర్థం కాలేదు. వయసు మీద పడి మాట తప్పుతోందేమో అనుకున్నాను. ఆవిడ నా మొహం చూసి నవ్వింది. చింతపండు చేట పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

"మా అత్త అంబులెన్సు రైలుబండిలో ఆయాగా సేసీది. పెద్ద యుద్ధం అప్పుడు. బర్మా పక్క దెబ్బలు తగిలిన సోల్జర్లని బండిలో ఏసుకొచ్చీవోరంట. కాళ్ళు లేనోళ్ళు, కళ్ళు లేనోళ్ళు. ఆళ్ళకి దొడ్డికీ ఉచ్చకీ అన్నిటికీ మా అత్తే. బండెక్కితే వారం, పది రోజులు కోలీకి వొచ్చీది కాదు."

రైల్వే వాళ్ళ ఒంటిగది క్వార్టర్లని ఇక్కడ కోలీలంటాం. నేనూ అందులోనే పుట్టాను.

"మా ఆయనకంటే ముందు ఒక గుంట ఉండీదంట. నాలుగేళ్ళది. మా మామ వర్క్‌షాపుకెల్లిపోతే పక్కింటోళ్ళు సూసీవోరు. ఒకసారి అత్త బండిలో ఉండగా ఆ గుంటకి వాంతులు, ఇరోసనాలు పట్టుకున్నాయి. కరువు రోజులు. గుక్కెడు పాలు పోద్దారంటే దొరకలేదంట. అత్త బండి దిగి వొచ్చీసరికి పిల్లని కప్పెట్టీసి మూడు రోజులైపోనాది."

పాలు దొరికినా ఆ జబ్బు తగ్గేది కాదు. నర్సుగా నాకా సంగతి తెలుసు. కానీ ఎవరి దుఃఖానికి వాళ్ళకో కారణం కావాలి.

"తరవాత రెండు నెల్లకో మూడు నెల్లకో మెడలిచ్చినారు. టేసన్లో కుర్చీలేసి, దొరసాని గుచ్చినాదంట సీర మీద. సేతులు కూడా కలిపినాదంట. మా అత్త ఇంటికొచ్చి దాన్ని బియ్యం డబ్బాలో పడీసినాది. ఆ నెల జీతంతో ఒక మేకని కొన్నాది. దాని మెళ్ళో గంట కట్టి, గంట పక్కన ఈ మెడల్ కట్టీసినాది."

"మేక మెడలోనా?"

"మరేటి! నాను కాపరానికి వొచ్చేసరికి మూడో మేక. ఒకటి సచ్చిపోతే దానిది ఇప్పి ఇంకోదానికి కట్టీది. కోలీల్లో ఏ ఇంట పసిగుంటలున్నా పొద్దున్నే సెంబు పట్టుకుని ఎల్లిపోయీది. తెలుగోళ్ళా, బెంగాలీలా, బీహారోళ్ళా అని లేదు. గ్లాసుడు పాలు పోసీసి వొచ్చీది. మా పిల్లలకి మిగిల్చీది కాదు, నాను తిట్టుకునీదాన్ని."

"ఎవరూ ఏమీ అనలేదా, మెడల్ చూసి?"

"నవ్వీవోరు. ఒకసారి ఫోర్‌మేన్ బాబు అడిగినాడు, 'ఏటమ్మా, సర్కారిచ్చిన మెడల్ మేక్కి కట్టినావు?' అని. 'సేవ సేసినోళ్ళకే కదా బాబూ మెడలు, ఇది రోజూ సేస్తన్నాది' అనీసినాది మా అత్త."

నేను పతకాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. మేక నడిచినప్పుడల్లా గంట కొట్టుకుని ఒకవైపు అక్షరాలన్నీ పోయాయి. తాడు ఒరుసుకుని రింగు అరిగింది. నేనేమో ముసలితల్లి బొటనవేలిని ఊహించుకుంటూ రెండు రోజులు గడిపాను. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

"దీన్ని మీరేటి సేస్తారు?" అనడిగింది ఆవిడ.

"దాచుకుంటాను."

"దాసుకుని?"

"దూదిలో పెడతాను. అప్పుడప్పుడు తుడుస్తాను."

ఆవిడ చింతపండు చేట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "సర్లే, మీ ఇష్టం. ఎవరైనా అడిగితే మాత్రం మేకదని సెప్పండి. మా అత్త తనదని ఎప్పుడూ అన్లేదు" అంది.

లేవబోతూ కిందికి చూశాను. ఆవిడ చీర కుచ్చెళ్ళ కింద ఎడమ పాదానికి పాత గుడ్డ చుట్టి ఉంది. అప్పటిదాకా చింతపండు వాసనలో తెలియలేదు గాని, వంగేసరికి వాసన వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు వార్డులో పీల్చిన వాసన, పొరపాటు పడను.

"సుగర్ ఉందా పిన్నీ?"

"ఉన్నాది. మాత్రలేస్తన్నాను, అయిపోతే మానేస్తన్నాను."

గుడ్డ విప్పించాను. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు. లోపల తెల్లగా ఉంది. కొడుకు పోయాడట. కోడలు మలంచాలో ఒకరింట వంట చేసి సాయంత్రానికి వస్తుందట. పసుపూ కొబ్బరినూనే పెడుతున్నారు. నిజం చెప్పాలంటే నాకు జాలి కంటే ముందు విసుగే వచ్చింది. ఇది చూడకుండా వెళ్ళిపోయి ఉంటే బాగుండునని కూడా అనిపించింది. రిటైరయ్యాక ఒక్క పుండు ముట్టుకోకుండా ఎనిమిదేళ్ళు గడిపాను, ఆ హాయి ఎలాంటిదో నాకే తెలుసు.

"రేపొస్తాను" అన్నాను.

మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం, నేనూ ఆవిడ కోడలూ. పుండు ఎముకదాకా పోలేదు, అదొక్కటే అదృష్టం. మాత్రలు రాసి, రోజు విడిచి రోజు కట్టు మార్చాలన్నాడాయన. కోడలు నా వైపు చూసింది. ఆ పిల్ల చేతులు వంటింటి కాలిన మచ్చలతో నిండి ఉన్నాయి. నేను ఎవరి వైపూ చూడకుండా, "నేను చేస్తాను" అన్నాను.

అలా అయిదు నెలలు. వానలో, బురదలో, పూజా సంబరాల రద్దీలో. మెయిన్ రోడ్డు మీద టోటో దిగి సందులోకి నడవాలి. కింద కూర్చుని లేవలేను గనక పీట మీద పీట వేయించుకుని, ఆవిడ కాలు నా ఒళ్ళో పెట్టుకుని కడిగేదాన్ని. మొదటి రెండు వారాలు పుండు మొండికేసింది. ఒకరోజు చచ్చిన చర్మం కత్తిరిస్తుంటే ఆవిడ నా భుజం మీద ఒక్కటేసింది. "సంపీస్తావేటి!" అని అరిచి, వెంటనే, "తప్పైపోనాది సిస్టరమ్మా" అంది. "కొట్టండి పిన్నీ, కాలు మాత్రం కదపకండి" అన్నాను. ఇంటికొచ్చేసరికి నడుము పట్టేసేది. అప్ప వేడినీళ్ళు పెట్టి ఉంచేది. "నీకేటి పట్టింది, నువ్వేటైనా అంబులెన్సు బండా?" అని సణిగేది. సణుగుతూనే, నాతో పంపడానికి ఆవిడ కోసం రాగి జావ సీసాలో పోసేది.

కట్టు మారుస్తున్నప్పుడు ఆవిడ నొప్పి మర్చిపోవడానికి అత్త కబుర్లు చెప్పేది. అత్త ఆ గుంట పేరు ఎన్నడూ ఎత్తలేదట. సైనికుల గురించి మాత్రం ఒక్క మాట చెప్పేదట, వాళ్ళంతా ఏ దేశం వాళ్ళయినా నొప్పొస్తే అమ్మనే పిలిచేవారని. రిటైరై కోలీ ఖాళీ చేశాక మేకని పెంచే చోటు లేక అమ్మేసి, పతకం విప్పి కోడలి చేతికిచ్చిందట. ఆ తర్వాత అత్త ఎక్కువ కాలం బతకలేదట.

ఇవన్నీ ఇంటికొచ్చి కాగితం మీద రాశాను. రాశాక మిగతా నలభై కూడా పెట్టెల్లోంచి తీశాను. ఒక్కోదానికీ తెలిసింది రాద్దామని కూర్చున్నాను. మొదటి దొరసాని దగ్గరే ఆగిపోయాను. ఆవిడ గురించి నాకేం తెలుసు? సన్నగా ఉంటుందని, దయగల మనిషని, కుట్టు బాగా వచ్చునని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అవన్నీ నేను పెట్టినవే. ఆవిడ ఇంట్లో ఏం జరిగిందో, ఇంటికి తిరిగొచ్చేసరికి ఎవరున్నారో, ఎవరు లేరో, పతకం మీద రాసి ఉండదు. "పేరు తప్ప ఏమీ తెలియదు" అని రాశాను. రెండోదానికీ అదే. పది రాసేసరికి చెయ్యి నొప్పెట్టింది. మిగతావి అప్ప రాసింది, గుండ్రటి అక్షరాలతో, "ఏమీ తెలియదు, ఏమీ తెలియదు" అని పైకి చదువుకుంటూ.

కలకత్తాలో పతకాలు సేకరించే ఒకాయన నాకు పదేళ్ళుగా తెలుసు. ఎప్పుడమ్ముతారని అడుగుతూనే ఉండేవాడు. దసరా అయ్యాక నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చి భూతద్దంతో ఒక్కొక్కటీ చూశాడు, పద్ధతైన మనిషి. నా కాగితాలు కూడా పతకాలతోపాటే ఉంచాలని అడిగాను. చదివించుకుని, "దీనిలో ఏమీ లేదు కదా దీదీ" అన్నాడు. "లేదనే ఉంచండి" అన్నాను. సరేనన్నాడు. ఉంచాడో, రైల్లోనే పారేశాడో నాకు తెలీదు. మేక పతకం దగ్గరికొచ్చేసరికి తిప్పి చూసి పక్కన పెట్టేశాడు.

"ఇది బాగా అరిగిపోయింది. ఎవరూ తీసుకోరు."

"మంచిది" అన్నాను.

మిగతా నలభై కొనుక్కుని ఆయన వెళ్ళాక గదిలో ఒక పక్కంతా ఖాళీ అయింది. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. రెండు రోజులు ఆ ఖాళీ చోటు చూసి, మూడో రోజు అప్ప కుట్టుమిషను అక్కడికి జరిపాం. పడమటి కిటికీ వెలుతురు దాని మీద బాగా పడుతోంది.

కార్తీకం వెళ్ళేసరికి పుండు మూసుకుపోయింది. కొత్త చర్మం గులాబీ రంగులో, పల్చగా వచ్చింది. ఆఖరి రోజు కట్టు లేకుండా పాదం కడిగి, తుడిచి, వేళ్ళ మధ్య కూడా చూసి, చెప్పులు లేకుండా గడప దాటొద్దని ఆవిడకీ కోడలికీ పదిసార్లు చెప్పాను.

"ఇంక మీరు రానక్కర్లేదేటి?" అంది ఆవిడ.

"అక్కర్లేదు పిన్నీ."

"బతికించినారు. పొద్దున్నే ఆ టోటోవోడు సందు మొగలో హారన్ కొట్టి సందంతా లేపీస్తన్నాడు. పక్కింటోళ్ళు నన్ను తిడతన్నారు."

కోడలు సిగ్గుపడి, "అత్తా, అలగనా అనడం?" అని మందలించింది. నాకు మాత్రం ఆ మాట హాయిగా అనిపించింది. దండం పెట్టి ఉంటే ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని మంచమెక్కాను. ఎండ తలుపు దగ్గరికొచ్చింది. అప్ప వంటింట్లోంచి అడిగింది.

"రేపెల్లక్కర్లేదు కదా?"

"లేదు."

"ఎల్లుండో?"

"ఎల్లుండీ లేదే అప్పా. తలుపు దగ్గరగా వెయ్యి, పడుకుంటాను."

"అయితే రేపు గారెలకి మినపప్పు నానబెడతాను" అంది అప్ప, తలుపు వేస్తూ.